రాయి లేని నేల మీద మొన ఆర్చి

బంటుమిల్లి చుట్టుపక్కల పునాది తవ్వుతుంటే పలుగుకి రాయి తగిలిందన్న మాట వినపడదు. పైన నల్లమట్టి, దాని కింద జిగట బంక, ఇంకా కిందకి పోతే ఇసక, ఉప్పునీళ్లు. వేల ఏళ్లుగా కృష్ణ మోసుకొచ్చి పరిచిన ఒండ్రు ఇదంతా. గుప్పెడు కంకర కావాలన్నా లారీ ఎక్కి రావాల్సిందే. ఇలాంటి చోట పదికాలాలు నిలిచే కట్టడం లేపాలంటే ఉన్న మట్టినే కాల్చుకోవాలి. ఘంటసాలలో బౌద్ధులు చేసిన పని అదే. అక్కడి మహాస్తూపం లోపల బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. పైకి గుండ్రటి దిబ్బ, లోపల లెక్క తెలిసిన పని.

ఇటుకతో గోడ కట్టడం తేలికే. గోడలో దారి విడవడమే కష్టం. ఇటుక ఎంత బరువైనా మోస్తుంది కాని లాగుడుకి నిలవదు. రెండు గోడల మీద అడ్డంగా దూలం పెట్టి పైన బరువు వేస్తే దాని పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. ఆ సాగేచోట ఇటుకా సున్నమూ విడిపోతాయి. అందుకే మనవాళ్లు గుమ్మాల మీద తాటిదూలం వేసేవారు. దాన్ని చెద తినేది. చెదకి లొంగని, లాగుడు తగలని దూలం కావాలి. దానికి మనిషి కనిపెట్టిన జవాబు ఆర్చి. పెద్దవాళ్లు కమాను అనేవారు, ఇప్పుడు తాపీమేస్త్రిలందరికీ ఆర్చే. వంపుగా పేర్చిన ఇటుకల్లో ప్రతిదీ పక్కదాన్ని నొక్కుతుంది, ఏదీ దేన్నీ లాగదు. కదిలే భాగం ఒక్కటీ లేకపోయినా దీన్ని యంత్రమనే అంటాను. పైనుంచి పడే బరువు దిశ మార్చి గోడల్లోకి దింపడం దాని పని.

ఈ యంత్రం రూపం మన దగ్గర చాలా పాతది. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహల్లో, క్రీస్తుకి పూర్వమే కొండని తొలిచి చేసిన గుండ్రటి చైత్యం ఉంది. గుమ్మం మీద గుర్రపు లాడం ఆకారంలో వంపు, లోకప్పులో చెక్క వాసాల్లాంటి రాతి పక్కటెముకలు కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది కాని ఆ వంపు మోసే బరువేమీ లేదు. కొండ తన్ను తానే మోసుకుంటోంది. చెక్క ఇళ్లలో కళ్లకు అలవాటైన ఆకారాన్ని శిల్పి రాతిలోకి దించాడు, అంతే. రూపం పుట్టింది, పని ఇంకా మొదలుకాలేదు.

పని మొదలైంది పశ్చిమాసియాలో. అర్ధచంద్రాకారపు ఆర్చి అక్కడి ఇటుక దేశాల్లో ఎప్పటినుంచో ఉంది, రోమన్లు దాన్ని వంతెనలకీ కాలవలకీ వాడి ప్రపంచమంతా తిప్పారు. దాని శిఖరాన్ని మొనదేల్చింది మాత్రం తరవాతివాళ్లు. పాలస్తీనాలోని రమ్లాలో 789లో కట్టిన నేలకింది నీటితొట్టిలో వరసకట్టి నిలబడ్డవి మొన ఆర్చీలే. 879లో పూర్తయిన కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదైతే ఇటుక స్తంభాల మీద ఇటుక మొన ఆర్చీలు. యూరప్‌లో మొన ఆర్చీలతో కట్టే గోతిక్ శైలి ఊసు లేని రోజులవి.

మొన వల్ల ఒరిగేదేమిటో లెక్క వేసి చూద్దాం. ఆర్చి బరువుని కిందకే కాదు, పక్కలకి కూడా నెడుతుంది. పాత కట్టడాలు కూలినప్పుడు చాలావరకు కూల్చింది ఆ పక్క నెట్టుడే. 20 అడుగుల వెడల్పు ద్వారానికి అర్ధచంద్రపు ఆర్చి కడితే ఎత్తు 10 అడుగులు, అంతకు మించి లేవదు. అదే వెడల్పులో రెండు మొదళ్లనీ కేంద్రాలుగా పెట్టుకుని 20 అడుగుల వ్యాసార్ధంతో గీసిన మొన ఆర్చి 17 అడుగులు దాటుతుంది. మీద పడే బరువు ఒకటే అయితే ఎత్తు పెరిగేకొద్దీ నెట్టుడు తగ్గుతుంది. ఇక్కడ అది దాదాపు ఐదింట మూడు వంతులకు దిగుతుంది. అంటే పక్కగోడ సన్నబడొచ్చు, కిటికీ పెద్దదవ్వొచ్చు. పైగా మొన ఆర్చి ఎత్తు వెడల్పుకి కట్టుబడి ఉండదు. ఇరుకు ద్వారమూ వెడల్పు ద్వారమూ పక్కపక్కనే ఉన్నా శిఖరాలు ఒకే మట్టానికి తేవచ్చు. దీర్ఘచతురస్రపు గదుల మీద ఇటుక కప్పు వేసే మేస్త్రికి ఇంతకంటే పెద్ద వరం లేదు.

మధ్యయుగపు మేస్త్రిలకి ఈ లెక్కలు తెలియవు. వాళ్లది చేతి అనుభవం. సూత్రం పట్టుకున్నవాడు ఇంగ్లండులో రాబర్ట్ హుక్. గొలుసు రెండు కొసలూ పట్టుకుంటే అది ఏ వంపులో వేలాడుతుందో, ఆ వంపుని తలకిందులు చేస్తే ఆర్చి సరిగ్గా నిలబడే ఆకారం వస్తుందని గ్రహించాడు. ఎవరైనా కాజేస్తారేమోనని 1675లో దాన్ని లాటిన్ అక్షరాలు కలగాపులగం చేసి అచ్చువేయించాడు. విడమరిచిన పాఠం బయటికొచ్చింది ఆయన పోయాకే. వేలాడే గొలుసులో ఉన్నది లాగుడు ఒక్కటే, తిరగేస్తే నొక్కుడు ఒక్కటే. ఇటుకకి కావలసింది సరిగ్గా అదే. ఆ వంపుకి అర్ధచంద్రం కంటే మొన ఆర్చి దగ్గరగా ఉంటుంది.

యూరప్‌లో మొన ఆర్చి నిలదొక్కుకుంది 11, 12 శతాబ్దాల్లో. ఇంగ్లండులో డరమ్ కెథడ్రల్ కప్పు, ప్యారిస్ దగ్గర 1144లో సూజే మఠాధిపతి పూర్తిచేయించిన సాన్ దనీ గర్భాలయం దారి చూపాయి. ముందు సన్నటి పక్కటెముకలు నిలబెట్టి, ఆ తరవాత మధ్య ఖాళీలు పూడ్చేవారు. దాంతో సెంట్రింగ్ చెక్క చాలా ఆదా. ఇక పోటీ మొదలైంది. ఫ్రాన్స్‌లోని బోవే ఊరివాళ్లు 48 మీటర్ల ఎత్తు కప్పు లేపారు, 1284లో అందులో కొంత కూలిపోయింది. యంత్రానికి హద్దెక్కడో చెప్పింది ఆ ప్రమాదమే.

అవన్నీ రాతి కట్టడాలు. మనకి దగ్గర చుట్టం జర్మనీ ఉత్తరాన ల్యూబెక్‌లో ఉన్న సెయింట్ మేరీ చర్చి. అదీ బందరులాగే ఓడరేవు, వర్తకుల ఊరు. అక్కడా చెక్కడానికి రాయి లేదు. పూర్వపు మంచుపలకలు ఈడ్చుకొచ్చి వదిలేసిన గుండ్రాళ్లు, బంకమట్టి తప్ప ఇంకేమీ దొరకదు. అయినా ఫ్రెంచివాళ్ల ఎత్తు తమకీ కావాలని పట్టుబట్టి, రమారమి 1250 నుంచి 1350 వరకు ఇటుకతోనే కట్టారు. లోకప్పు ఎత్తు 38.5 మీటర్లు. ఇటుకతో అంత ఎత్తు కప్పు ప్రపంచంలో మరోచోట లేదు. ఇటుకని శిల్పంలా చెక్కలేరు గనక గోడల మీద బొమ్మలు తక్కువ, గీతలు ఎక్కువ. నాకైతే ఆ లేమే అందంగా కనిపిస్తుంది. 1942 మార్చి 28 రాత్రి బాంబుల మంటల్లో ఆ చర్చి కాలిపోయింది. గోపురం నుంచి పడి బద్దలైన గంటలని పడ్డచోటే ఉంచి, మిగతాదంతా మళ్లీ కట్టుకున్నారు.

మన నేల మీద మొన ఆర్చి చర్చి కంటే ముందే గోల్కొండవాళ్ల కట్టడాల్లో ఉంది. 1591 నాటి చార్మినార్ నాలుగు దిక్కుల్లోనూ ఉన్నవి అవే, పూత గానుగ సున్నమే. ఆ గోల్కొండకి రేవు బందరు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగారు. డచ్చివాళ్ల దేశమూ డెల్టాయే, అక్కడా ఇటుకే గతి. బందరులోని సెయింట్ మేరీస్ చర్చి చూడ్డానికి వెళ్లేవాళ్లు 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్ కథ, ఆమె జ్ఞాపకంగా చర్చి కట్టించిన జాన్ పేటర్ ప్రేమ కథ విని వస్తారు. గోడల్ని చూసేవాళ్లు తక్కువ. గోతిక్ మోజు ఇండియాలో ఊపందుకున్నది ఆ తరవాతే, 1840ల నుంచి.

తెలుగువాళ్లు నిండుగా బతికిన ఊళ్లో అసలుసిసలు ఇటుక గోతిక్ చూడాలంటే రంగూన్ వెళ్లాలి. అక్కడి సెయింట్ మేరీస్ కెథడ్రల్ 19వ శతాబ్దం చివర మొదలైంది. బయటంతా ఎర్ర ఇటుక, లోపల ఎరుపు తెలుపు ఆకుపచ్చ వరసల్లో మొన ఆర్చీలు. నమూనా గీసింది డచ్చి వాస్తుశిల్పి యోస్ కైపర్స్. అతని తండ్రి పియేర్ కైపర్స్ ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద మ్యూజియమూ సెంట్రల్ స్టేషనూ ఇటుకతో కట్టించినవాడు. డెల్టాలో పుట్టిన పనితనం ఇంకో డెల్టా అంచుకి చేరిందన్నమాట. ఆ రోజుల్లో రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో కోరంగీలనిపించుకున్న మన తెలుగువాళ్లే లెక్కకి ఎక్కువ. 1930 మే 5న వచ్చిన భూకంపానికి ఆ చర్చి తట్టుకుంది. అదే నెల 26న ఊళ్లో తెలుగు కూలీల మీద పడ్డ దాడుల్లో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మన ప్రాంతపు పాత కట్టడాల్లో ఇటుకకి తోడు నిలిచింది సున్నం. సముద్రపు ఒడ్డున దొరికే గుల్లల్ని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు గాలి వెళ్లిపోయి సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్లతో చంపి, ఇసకా ఇటుకపొడీ కలిపి, ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద గానుగాడేవారు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపడమూ ఉంది. గోడకెక్కిన సున్నం గాలిలోని బొగ్గుపులుసుని మెల్లగా పీల్చుకుని ఏళ్ల మీద మళ్లీ రాయవుతుంది. ఇటుకపొడి కలిసినచోట తడికి కూడా గట్టిపడుతుంది. సున్నం కాస్త మెత్తన. పునాది అంగుళం కుంగినా పెద్ద పగులు ఇవ్వకుండా సర్దుకుంటుంది. మన నేల మీద ఆ గుణం చాలా అవసరం.

1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు పడింది. ఆ శతాబ్దం చివరికి కాంక్రీటులో ఇనప చువ్వలు పెట్టడం వచ్చింది. లాగుడు సంగతి చువ్వ చూసుకుంటుంది గనక ఆర్చితో పనిలేదు. ఇప్పుడు మన ఊళ్లలో ఆర్చి అంటే ఊరి మొదట రంగులేసిన స్వాగత ద్వారం, లేదంటే పెళ్లిపందిట్లో థర్మాకోల్ ముక్క. మోసేది చువ్వే, వంపు చూపుకే. గుంటుపల్లి శిల్పి దగ్గరకే తిరిగొచ్చాం, కాకపోతే ఆయన పనితనం మెరుగు.

చచ్చింది కొత్త ఆర్చి కట్టే అలవాటే, పాతవి ఇంకా బరువు మోస్తూనే ఉన్నాయి. వాటికి ఇప్పుడున్న పెద్ద గండం చవుడు, అంటే ఉప్పు. ఉప్పెన వస్తే అది ఊళ్లోకే వస్తుంది. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన బందరు మీద పడి దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. మళ్లీ 1977లో దివిసీమ. ఉప్పెన రాని ఏడు కూడా ఉప్పు చెమ్మ పునాదుల్లోంచి పైకి పాకుతూనే ఉంటుంది. సున్నపు పూతలోంచి ఆ చెమ్మ ఆరిపోతుంది, ఉప్పు పైకి పొక్కి రాలిపోతుంది. నాలుగైదేళ్లకోసారి వెల్ల వేసుకుంటే సరి. అదే గోడకి సిమెంటు పూస్తే చెమ్మకి దారుండదు. ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి దాన్ని పిండి చేస్తుంది. పూత మాత్రం బయటికి నిగనిగలాడుతూనే ఉంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మీ ఊళ్లో పాత చర్చిగాని గుడిగాని మసీదుగాని బాగుచేయిస్తున్నారా? సిమెంటు బస్తా దించకముందు గోడని ఒకచోట గీకి చూడండి. లోపల సున్నం కనిపిస్తే గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతికి పిలిపించండి. అలాంటివాళ్లు తక్కువే కాని ఇంకా ఉన్నారు.