రాతి బరువులోని రహస్యము

హైదరాబాదు గుట్టలలోని గ్రానైటు ముక్కను, వికారాబాదు ప్రాంతమున దొరకు రంధ్రములులేని నల్లని బసాల్టు ముక్కను సమాన పరిమాణములో తీసికొని తూచినచో బసాల్టే హెచ్చు తూగును. రెండును శిలాద్రవము చల్లారి ఏర్పడినవే. మరి భేదమెందుకు?

రాతిని స్ప్రింగు త్రాసుకు కట్టి గాలిలోను, పిమ్మట నీట ముంచియు తూచుడు. గాలిలో 270 గ్రాములు, నీటిలో 170 గ్రాములు తూగినచో, తగ్గిన 100తో 270ని భాగింపగా వచ్చు 2.7 దాని సాపేక్ష సాంద్రత. గ్రానైటుకు ఇది సుమారు 2.7, బసాల్టుకు 3.0.

గ్రానైటులో సిలికా నూటికి సుమారు 70 పాళ్ళు. పలుగురాయి, ఫెల్డ్‌స్పారు వంటి తేలిక ఖనిజములు హెచ్చు. బసాల్టులో సిలికా 50 పాళ్ళే. ఇనుము, మెగ్నీషియముగల బరువు ఖనిజములు అధికము.

ఈ భేదము స్వల్పమని తలపరాదు. అడుగునున్న మరింత బరువైన శిలలపై, తేలికయు మందమునగు ఖండములు ఎత్తుగా తేలుచున్నవి. పలుచని బసాల్టు సముద్రతలము క్రుంగియున్నది. మనకు నిలుచుటకు పొడి నేల దొరకినది అందువలననే.