మీకు తెలుసా? కిలో కట్టెకు ఆరు కిలోల గాలి!

కిలో ఎండు పత్తికట్టె పూర్తిగా కాలాలంటే దాదాపు 6 కిలోల గాలి కావాలి. అంటే సుమారు 5 ఘనపు మీటర్లు. 200 లీటర్ల ఇనుప డ్రమ్ములు పాతిక నిండేంత.

పల్నాడులో పత్తి, మిరప తీతలయ్యాక మిగిలిన కట్టెను డ్రమ్ములో కుక్కి తగలబెడితే కమ్మే పొగ చాలావరకు గాలి చాలక కాలకుండా పోయిన ఇంధనమే. కమ్మరి కొలిమికి తిత్తి పెట్టిందీ గాలి కోసమే. డ్రమ్ముకు బ్లోయర్ బిగించి, గాలిని లోపలి గోడ వెంట ఏటవాలుగా వదిలితే అది సుడి తిరుగుతూ మంటలో కలుస్తుంది, పొగ తగ్గుతుంది. గాలి మరీ ఎక్కువైతే మాత్రం మంట చల్లబడుతుంది, బూడిద ఇరుగుపొరుగుల పాలు!

పీవీసీ పైపు ముక్కలు, పురుగుమందు డబ్బాలు ఈ డ్రమ్ములో వేయనేకూడదు. పీవీసీ కాలితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. అలాంటి విషాలు మిగలకూడదనే, ఆసుపత్రి చెత్తను కాల్చే యంత్రాల రెండో గదిలో 1,050 డిగ్రీల సెల్సియస్ వేడి (50 అటూ ఇటూగా) ఉండాలని, వాయువులు అక్కడ కనీసం 2 సెకన్లు నిలవాలని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. పోల్చి చూస్తే, పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో రాయి సున్నంగా మారడానికి 900 డిగ్రీల ప్రాంతం చాలు.