తెల్లరంగు పట్టించింది!

ఎర్రటి రంగు మధ్య గుర్రాలు. 2006లో జర్మనీలోని కొలోన్ నగరంలో వేలానికొచ్చిన ఆ చిత్రం 28 లక్షల 80 వేల యూరోలు పలికింది. గీసింది హైన్రిచ్ కాంపెండోంక్ అనీ, 1914 నాటిదనీ చెప్పారు. ఆయన బొమ్మకు అంత ధర ఎన్నడూ రాలేదు. వేలంపాట ముగిసింది. అసలు కథ అప్పుడే మొదలైంది.

కాంపెండోంక్‌ది ఎక్స్‌ప్రెషనిస్టు బాణీ. కొండను కంటికి కనిపించినట్టు గీయడం కాదు, దాన్ని చూసినప్పుడు మనసులో రేగిన అలజడిని గీయడం. గుర్రం నీలంగా ఉండొచ్చు, ఆకాశం ఎర్రగా ఉండొచ్చు. మరి ఇలాంటి ప్రకృతి దృశ్యానికి వెల కట్టేదెలా? చెట్టు చెట్టులా లేదని తప్పుపట్టడానికి లేదాయె! అందుకే వెలకట్టేవాళ్లు బొమ్మను తిప్పి వెనకవైపు చూస్తారు. చట్రం, మేకులు, అంటించిన చీటీలు, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే కాగితాలు. మనం స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు అడగమూ... అలాగే.

చిక్కేమిటంటే, ఈ చిత్రకారుల విషయంలో ఆ లింకులు చాలాచోట్ల తెగిపోయాయి. హిట్లర్ ప్రభుత్వం వీళ్లది చెడిపోయిన కళ అని ముద్రవేసి, మ్యూజియంల నుంచి బొమ్మలు లాగేసింది. వీటిని అమ్మిన యూదు వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ ఫ్లెష్ట్‌హైమ్ 1933లో దేశం విడిచి పారిపోయాడు, 1937లో లండన్‌లో చనిపోయాడు. పాత ప్రదర్శనల జాబితాల్లో పేర్లు మాత్రం మిగిలాయి. వాటిలో చాలా బొమ్మలకు ఫొటోలైనా లేవు.

ఆ ఖాళీలోకే దూరాడు వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాకీ. పాతసామాన్ల సంతల్లో ఆ కాలంనాటి చవక బొమ్మలు కొని, రంగు గీకేసి, అదే గుడ్డమీద కొత్త బొమ్మ వేసేవాడు. ఉన్న బొమ్మకు నకలు కాదు సుమా, పేరు మాత్రమే మిగిలిన బొమ్మను తనే పుట్టించేవాడు! వెనక ఫ్లెష్ట్‌హైమ్ సేకరణ అంటూ దొంగ చీటీ. ఇవన్నీ తాతగారి ఆస్తి అని భార్య హెలెన్ చెప్పేది. రుజువు కోసం పాతకాలపు దుస్తులు వేసుకుని, తన అమ్మమ్మలా ఫొటో కూడా దిగింది. వెనక గోడమీద అవే బొమ్మలు!

హాలీవుడ్ నటుడు స్టీవ్ మార్టిన్ బొమ్మల విషయంలో తెలిసినవాడే. ఆయనా 2004లో పారిస్‌లో కాంపెండోంక్ పేరిట ఉన్న 'గుర్రాలతో ప్రకృతి దృశ్యం' చిత్రాన్ని దాదాపు 7 లక్షల యూరోలకు కొన్నాడు. 2006లో సుమారు 2 లక్షలు నష్టపోయి అమ్మేశాడు. అది నకిలీ అని అప్పటికి ఆయనకూ తెలియదు, కొన్నవాళ్లకూ తెలియదు.

ఎర్ర గుర్రాల బొమ్మ కొన్న సంస్థ మాత్రం ఊరుకోలేదు. నిపుణుల ధ్రువపత్రం ఏదని పట్టుబట్టింది, రంగులకు పరీక్ష చేయించింది. అందులో టైటానియం వైట్ బయటపడింది. 1914లో చిత్రకారుల చేతిలో లేని తెల్లరంగు అది! ఎప్పుడూ జింక్ వైట్ వాడే బెల్ట్రాకీ ఆ ఒక్కసారి బజారులో ట్యూబు కొన్నాడట. అందులో టైటానియం కలిసిందన్న సంగతి ట్యూబుమీద రాసిలేదు. చీటీల గుట్టూ రట్టయింది. ఫ్లెష్ట్‌హైమ్ తన జీవితంలో అలాంటి చీటీ వాడనేలేదని తేలింది. ఏళ్ల తరబడి అందరూ ఆ చీటీనే చూసి నమ్మడం విచిత్రం!

2011లో కొలోన్ కోర్టు బెల్ట్రాకీకి ఆరేళ్లు, హెలెన్‌కు నాలుగేళ్లు జైలుశిక్ష వేసింది. 2015లో బయటికొచ్చిన ఆయన సొంత పేరుతోనే బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. కేసులో తేల్చినవి 14 చిత్రాలే. తాను వేసినవి వందల్లో ఉంటాయని ఆయనే చెప్పుకున్నాడు. మిగతావి ఎవరెవరి గోడలమీద ఉన్నాయో అన్నీ తేలలేదు.