షికారుకు వెళ్దామా... పిట్టల్ని చూస్తూ, కోటలెక్కుతూ!

ధర్మపురి అనగానే గుర్తొచ్చేది లక్ష్మీనరసింహస్వామి దర్శనం, గోదావరి స్నానం. తెల్లారకముందే కారులో బయల్దేరతాం. గుడికి వెళ్తాం. పులిహోర తింటాం. మధ్యాహ్నానికి మళ్లీ కారెక్కేస్తాం. రాత్రి ఇంటికొచ్చి ఫోన్‌లో చూసుకుంటే రోజంతా వేసిన అడుగులు రెండు, మూడు వేలు కూడా దాటవు! నాన్నకు కొత్తగా మధుమేహం బయటపడింది. అమ్మకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. అమ్మాయికి ఏటా కళ్లద్దాల నంబరు పెరుగుతోంది. నడవాలని అందరికీ తెలుసు. అయినా నాలుగు రోజులు నడిచి ఐదో రోజు మానేస్తాం. కారణం బద్ధకం ఒక్కటే కాదు, విసుగు కూడా. అదే వీధి, అదే పార్కు, అవే గుండ్రాలు.

మరి నడకకు ఓ పని కల్పిస్తే? ఇరాన్ లాంటి దేశాల్లో పొద్దున పక్షులు, పగలు కొండదారులు, సాయంత్రం పాత కట్టడాలు చూపించే యాత్రలు ఉంటాయి. కాళ్లకు, కళ్లకు, మనసుకు ఒకేసారి వ్యాయామం. అంత దూరం వెళ్లక్కర్లేదు. ధర్మపురి, జగిత్యాల, ఎలగందుల... ఈ మూడింటినీ కలుపుకొంటే అలాంటి యాత్రే మన గడపలోనూ చేసుకోవచ్చు. గోదావరి, మానేరు పక్షుల్ని ఇస్తాయి. కోటలు ఎక్కడానికి మెట్లిస్తాయి. వాటి చరిత్రలో పారసీకం అడుగడుగునా కనిపిస్తుంది. రెండు రోజులు చాలు.

మనం వాడే మాటే!

‘షికారు’ పారసీక పదం. అక్కడ దానికి వేట అని అర్థం. తెలుగులోకొచ్చి హాయిగా తిరిగి రావటం అయ్యింది. వేటలోని కత్తిని వదిలేసి నడకను మాత్రం మనం ఉంచుకున్నామన్నమాట. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. నిజాముల కాలంలోనూ 1880ల దాకా హైదరాబాద్ రాజ్యంలో కచేరీ భాష పారసీకమే. అందుకే దర్వాజా, బజారు, సర్కారు, గుమాస్తా, రుమాలు లాంటి మాటలు ఈనాటికీ మన నోళ్లలో ఉన్నాయి. తెలంగాణలో జేబులో పెట్టుకునే ‘దస్తీ’ కూడా చెయ్యి అనే అర్థమున్న ‘దస్త్’ నుంచి వచ్చిందే. దారిలో పిల్లలతో ఇలాంటి మాటల్ని ఏరించండి. కారులో ఫోను అడగరు.

మొదటి రోజు: గోదావరి ఒడ్డు

సూర్యోదయానికి ముందే ఒడ్డుకు చేరండి. ఎక్కువ గోదావరి తూర్పు ముఖంగా సాగితే, ధర్మపురి దగ్గర దక్షిణానికి తిరుగుతుంది. అందుకే ఇక్కడి స్నానానికి అంత పేరు. ఆ వంపు వెంబడి గంటసేపు మెల్లగా నడవండి. ఎండ ఎక్కేలోపు పిట్టలు మేతలో ఉంటాయి కాబట్టి వెతుక్కునే పని ఉండదు. నీటి మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, బాణంలా కిందికి దూకే నలుపు తెలుపు లకుముకిపిట్ట. రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి. మన అలికిడికి గోలపెట్టే తీతువు. కరెంటు తీగ మీద పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూడటానికి ఊరి బయటికి వెళ్తాం, ఏడాది పొడవునా అది అక్కడే ఉంటుంది!

పొదల్లో పికిలిపిట్ట వినిపిస్తే ఆగండి. దాన్నే బుల్‌బుల్ అంటాం. పారసీక కవులు గులాబీని ప్రేమించిందని పాడిన ‘బుల్‌బుల్’ మాత్రం ఇది కాదు, నైటింగేల్ అనే వేరే పిట్ట. పేరు ఇక్కడికి వచ్చి కొత్త పిట్టను వెతుక్కుంది. మెత్తటి నేలను పొడవాటి ముక్కుతో గుచ్చుతూ, తల మీద విసనకర్రలా కుచ్చు విప్పే గోధుమరంగు పిట్ట కనిపించిందా? అదే హుద్‌హుద్. 2014లో విశాఖను కుదిపేసిన తుపానుకు పెట్టింది ఈ పిట్ట పేరే. 12వ శతాబ్దపు పారసీక కవి అత్తార్ రాసిన పక్షుల కథలో మిగతా పిట్టలన్నిటికీ దారి చూపే గైడు ఇదే. అవి ఏడు లోయలు దాటి తమ రాజు ‘సీముర్గ్’ను వెతుక్కుంటూ వెళ్తాయి. చివరికి మిగిలేవి ముప్ఫై పిట్టలు. ‘సీ ముర్గ్’ అంటే ముప్ఫై పిట్టలనే అర్థం. వెతుకుతున్నది తమనే! పిల్లలకు చెప్పటానికి ఇంతకన్నా మంచి నడక కథ ఉండదు.

పిట్టల్ని చూడటం ఉత్త కాలక్షేపం కాదు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు దాదాపు 1,300 మందిని ఫోన్ యాప్ ద్వారా గమనించి 2022లో ఫలితాలు వెల్లడించారు. పక్షుల్ని చూసినా, కూతలు విన్నా మనసు తేలికపడుతోందని, ఆ ప్రభావం ఎనిమిది గంటల వరకూ ఉండొచ్చని తేలింది. కుంగుబాటు ఉన్నవారిలోనూ ఈ మేలు కనిపించింది. ఇక పిల్లల కళ్ల సంగతి. ఆరుబయట వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశం తగ్గుతుంది. అద్దాలు వచ్చేశాక పిట్టల్ని చూస్తే నంబరు పోదు. అయినా ఆరుబయటికి పంపటం మానొద్దు, ఏటా కంటి పరీక్షా మానొద్దు.

దర్శనం ఎండ ముదరకముందే ముగించుకోండి. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాలిన బండల మీద వట్టికాళ్ల నడక ప్రమాదం. బొబ్బ లేచినా తెలియదు.

సాయంత్రం: జగిత్యాల కోట

ధర్మపురికి సుమారు 30 కిలోమీటర్లలోనే జగిత్యాల. ఇక్కడి కోటను 1747లో ఎలగందుల పాలకుడు ఇబ్రహీంఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో కట్టించాడని చెబుతారు. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. కొండ మీద కాదు, నేల మీదే ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది అనువైన నడక. చదునైన చోట ఇరవై నిమిషాలు, కాస్త కూర్చోవటం, మళ్లీ ఇరవై నిమిషాలు. సాయంత్రం పావురాలు, చిలుకలు గూళ్లకు చేరే వేళ పిల్లల్ని లెక్కపెట్టమనండి.

రెండో రోజు: ఎలగందుల గుట్ట

కరీంనగర్‌కు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, మానేరు ఒడ్డున ఉంది ఎలగందుల. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, నిజాములు... అందరి చేతులూ పడిన కోట. 1905 దాకా జిల్లాకు పేరూ, కేంద్రమూ ఇదే. ఆ తర్వాతే కరీంనగర్. కోటలో నరసింహస్వామి గుడి ఉంది, సూఫీల సమాధులూ ఉన్నాయి. దగ్గర్లోనే రెండు మినార్లు కనిపిస్తాయి. 1754లో జఫరుద్దౌలా కట్టించిన ఈ మినార్లు ఊపితే కదులుతాయని ప్రసిద్ధి. ఇలాంటివే ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లోనూ ఉన్నాయి. 14వ శతాబ్దానికి చెందిన ఆ కట్టడం పేరు ‘మినార్ జుంబాన్’, అంటే కదిలే మినార్లు. కదులుతాయో లేదో మీరు పరీక్షించొద్దు! పాతబడిన కట్టడం, చూసి రండి చాలు.

గుట్ట ఎక్కటం ఈ యాత్రలో అసలు వ్యాయామం. ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే మీకు సరైన వేగం. మాట కూడా రావటం లేదంటే ఆగండి. ఆగటానికి పిట్టలు మంచి సాకు! పై నుంచి మానేరు డ్యాం నీళ్లు కనిపిస్తాయి. శీతాకాలంలో అక్కడికి బాతులు, కొంగలు చేరతాయి. ఇలాంటి చిత్తడి నేలల్ని కాపాడుకోవాలన్న అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది కూడా ఇరాన్‌లోనే, 1971 ఫిబ్రవరి 2న రామ్‌సర్ పట్టణంలో. మన కొల్లేరు ఆ జాబితాలో ఉంది.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఎక్కటం గుండెకు పరీక్ష అయితే, దిగటం మోకాళ్లకు పరీక్ష. అడుగులు చిన్నవిగా వేయండి. మోకాలు కాస్త వంచి ఉంచండి. చేతికర్ర ఉంటే భారం తగ్గుతుంది.

ఆ నొప్పి మాత్ర కథ

మర్నాడు తొడలు, పిక్కలు పట్టేస్తాయి. అలవాటు లేని పని చేసిన కండరాలకు ఇది మామూలే. ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎక్కువై, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. చాలామంది ఇక్కడే మందుల దుకాణానికి వెళ్లి డైక్లోఫెనాక్ మాత్ర తెచ్చుకుంటారు. ఆ మాత్రకు పక్షులతో ఓ విషాద సంబంధం ఉంది.

ఒకప్పుడు మన పల్లెల్లో రాబందులు గుంపులుగా ఉండేవి. 1990ల నుంచి హఠాత్తుగా మాయమయ్యాయి. మూడు జాతుల సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయింది. కారణం 2004లో తేలింది. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల్లో మిగిలిపోయింది. అది తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయాయి. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. ఇరాన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పార్సీల పార్థివదేహాలు రాబందులకే చేరేవి. అవి లేకపోవటంతో ముంబయిలో సూర్యకాంతిని గుమ్మరించే అద్దాలు అమర్చుకోవాల్సి వచ్చింది. పాత ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందులు కనపడటం అందుకే పెద్ద వార్త అయ్యింది. వాటి గూళ్ల దగ్గరికి వెళ్లే ప్రయత్నం చేయకండి. దూరంగా ఉండటమే వాటికి సాయం.

మనుషుల శరీరం రాబందులంత సున్నితం కాదు. డాక్టరు చెప్పినంత మోతాదులో వాడితే చాలామందికి ఆ మందు ఇబ్బంది పెట్టదు. కానీ ఎండలో తిరిగి, నీళ్లు సరిగా తాగక, పైగా రక్తపోటు మాత్రలూ, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలూ వాడుతూ, సొంతంగా నొప్పి మాత్ర వేసుకుంటే కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. మధుమేహం, ముందునుంచీ కిడ్నీ జబ్బు, గుండెజబ్బు ఉన్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. నడక నొప్పికి విశ్రాంతి, గోరువెచ్చటి కాపడం, మర్నాడు చదును నేల మీద కాస్త నడక సరిపోతాయి. కీలు వాచినా, కాలు మోపలేకపోయినా మాత్ర కోసం కాదు, డాక్టరు కోసం వెళ్లండి.

బయల్దేరే ముందు

* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి సమయం. ఎండాకాలంలో ఈ గుట్టలు ఎక్కొద్దు.

* మూడు వారాల ముందే మొదలుపెట్టండి. మొదటి వారం రోజూ 15 నిమిషాలు, రెండోవారం 25, మూడోవారం 30. వారంలో రెండుసార్లు మెట్లెక్కండి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, పిల్లలకు రోజుకు సగటున గంట అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

* ఇన్సులిన్ గానీ, గ్లూకోజు బాగా పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడేవారు ఖాళీ కడుపుతో గుట్ట ఎక్కొద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగటం మొదలైతే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట కూర్చోవాలి.

* ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే అక్కడే ఆపేయాలి. 108కు ఫోన్ చేయాలి. గుండెజబ్బు ఉన్నవారు, ఇటీవల స్టెంటు వేయించుకున్నవారు ముందే డాక్టరును అడగాలి.

* మనిషికి లీటరుకు తగ్గకుండా నీళ్లు, టోపీ, పట్టు ఉన్న బూట్లు. రాత్రి పడుకోబోయే ముందు మధుమేహులు పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి.

* కోట గోడలకు పెద్ద తేనెపట్టులుంటాయి. సెంటు పూసుకోవద్దు, పొగ పెట్టొద్దు, రాళ్లు వేయొద్దు.

* గోదావరిలో తెలియని చోట దిగొద్దు. పైకి నిలకడగా కనిపించే నీటి కింద గుంతలుంటాయి.

ఖరీదైన బైనాక్యులర్స్ అక్కర్లేదు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది ఇంటికి ఒకటి చాలు. ఓ చిన్న నోటుపుస్తకం కొని అమ్మాయి చేతికివ్వండి. చూసిన పిట్ట, చోటు, టైము రాయమనండి. ఇంటికొచ్చాక దాన్ని మూసేయకండి. మీ ఊరి చెరువు కట్టే తర్వాతి పేజీ. వచ్చే ఆదివారం పొద్దున్నే నాన్నను ‘నడకకు పదండి’ అని పిలవకండి, వినరు. ‘నిన్న కట్ట మీద కుచ్చు పిట్ట కనిపించిందట, చూసొద్దామా?’ అని అడగండి. చెప్పులేసుకుంటారు!