అమెరికా మరుభూములలో కాలిబాటలు



బిడ్డలు విదేశములలో స్థిరపడగా, వారిని చూచివచ్చుటకై మన గ్రామములనుండి తల్లిదండ్రులు విమాన మెక్కుట యిప్పుడు వింత గాదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల నైరృతిభాగమున ఆరిజోనా యను రాష్ట్రము కలదు. అందలి ఫీనిక్సు నగరమునందును, దాని నానుకొనియున్న చాండ్లరు మొదలగు పట్టణములందును తెలుగు కుటుంబములు పెక్కు కాపురము చేయుచున్నవి. నా కుమారుడును వారిలో నొకడు. ఉపాధ్యాయవృత్తినుండి విశ్రాంతి గొన్న పిమ్మట నేను రెండు పర్యాయము లచ్చటికి పోయి, ఆ ప్రాంతపు ఎడారులను, కొండలను, లోయలను నా మోకాళ్లు సహించినంత మేరకు కాలినడకను చూచితిని. అవి యెట్టివో, మనవంటి వయసు మీరినవారు వానిని ఎట్లు చూడదగునో నేడు మనవి చేసెదను.

ఎడారి యనగానే మనకు ఇసుకతిన్నెలు స్ఫురించును. ఆరిజోనా దక్షిణభాగమందలి సొనోరా యెడారి అట్టిది కాదు. అది చెట్లు గల యెడారి. ఫీనిక్సులో సంవత్సర మంతయు కురియు వాన సగటున 7 అంగుళములకు కొంచెము పైన. మన అనంతపురము కరవుసీమ యని పేరుపడినది గదా! అచ్చటి వాన దీనికి ఇంచుమించు మూడింతలు. ఆ కొద్ది వానయు రెండు ఋతువులకు పంచుకొని వచ్చును. శీతకాలమున మెల్లని జల్లులు. జూలై మొదలు సెప్టెంబరు నడుమవరకు ఉరుములతోడి గాలివానలు. ఈ రెండవదానిని వారును మాన్సూను అనియే పిలుతురు.

అచ్చట మెస్కీట్ అను ముండ్లచెట్టును చూడగానే నాకు పాతచుట్టము కనబడినట్లయ్యెను. మన చెరువుగట్లపైనను బీళ్లలోను విచ్చలవిడిగా పెరుగు సర్కారుతుమ్మ అమెరికా ఖండమునుండి వచ్చినదే. మెస్కీట్ దానికి జ్ఞాతి. మన కంచెలలోని నాగజెముడు పుట్టినిల్లును ఆ ఖండమే. ఈ జెముళ్లలో మహాకాయము గలది సవారో అనునది. ఇది 40 అడుగులకు మించి స్తంభమువలె పెరిగి, మనుష్యుడు చేతులెత్తి నిలిచినట్లు కొమ్మలు చాచియుండును. దాని యెదుగుదల చూడుడు. మొదటి యెనిమిది సంవత్సరములలో అది యెదుగునది ఒకటి, ఒకటిన్నర అంగుళములు మాత్రమే. కొమ్మ వేయుటకు 50 మొదలు 75 సంవత్సరములు పట్టును. దాని యాయువు నూట యేబదియేండ్లు దాటును. పసిమొలక ఎండకు తాళలేదు గనుక, మెస్కీట్ వంటి యే చెట్టునీడనో పెరిగి పెద్దదగును. దాని కాండము మడతలు మడతలుగా నుండి, వాన పడినప్పుడు తిత్తివలె ఉబ్బి నీటిని దాచుకొనును. పగలు తన సూక్ష్మరంధ్రములను తెరచినచో దాచిన నీరు ఆవిరియై పోవును గాన, రాత్రివేళనే తెరచి గాలి పీల్చుకొనును. టొహోనో ఓధమ్ అను ఆ ప్రాంతపు ప్రాచీనజాతివారు వానలకు ముందు, జూను మాసమున, ఎండిన సవారో ఈనెలనే పొడవైన గడలుగా కట్టి, వానితో పండ్లు రాల్చి పానకము కాచుకొందురు. టూసాన్ నగరమునొద్ద ఈ వృక్షములను కాపాడుటకై 1933లో ఏర్పడిన రక్షితప్రదేశము 1994లో నేషనల్ పార్కు ఆయెను. అందు పావుమైలు, అరమైలు పొడవు గల చదునుబాటలు కలవు. చేతికఱ్ఱతో నడచువారును వానిపై సుఖముగా పోయిరావచ్చును.

ఎడారిలో బ్రతుకనేర్చిన యీ చెట్టు నీటిని ముందుగా కూర్చుకొనును. ఎండవేళ మెదలక యుండును. మనుష్యునకును అదియే విధి. దీనికి మఱియొక నియమము చేర్పవలెను: పోవుటకన్న తిరిగివచ్చుటను ముందు లెక్కించుకొనవలెను. కాలము, జలము, మరలుట అను నీ మూడింటిని గూర్చి క్రమముగా చెప్పెదను.

మొదటిది కాలము. మనవారు సాధారణముగా మే మొదలు ఆగస్టు వరకు అమెరికాలో నుండునట్లు ప్రయాణము పెట్టుకొందురు. మనుమలకు బడి సెలవులు. మనకును ఇచ్చటి యెండలు తప్పును. ఆరిజోనా విషయమున ఇది తలక్రిందుల లెక్క. ఫీనిక్సు నగరమున 2023 వేసవిలో వరుసగా 31 దినములు పగటివేడి 43 డిగ్రీలు దాటినది. "రెంటచింతల యెండలు చూచినవారము, మాకు ఇది యొక లెక్కయా?" అని మన పెద్దలు కొందరు నవ్వుదురు. ఆ నవ్వు కూడదు. కోస్తాలో చెమట ఒడలెల్ల తడిపి, నీరు పోవుచున్నదని మనకు తెలుపును. అచ్చటి పొడిగాలిలో చెమట పుట్టినంతనే ఆరిపోవును. చొక్కా తడవదు, ఒడలిలోని నీరు మాత్రము పోవుచునే యుండును. అదియునుగాక, మన యూరి బాటపై వేపచెట్టో, బావియో, పుణ్యాత్ము డెవడో పెట్టిన చలివేంద్రమో కనబడును. ఆ కొండబాటలపై అట్టివి యుండవు. పైనుండి ఎండయు, ప్రక్కనుండి రాతిసెగయు తగులును. ఫీనిక్సు నడిబొడ్డున కేమెల్‌బ్యాక్ అను కొండ కలదు. ఊరి నడుమ నున్నది గదాయని నడివేసవిలో దానినెక్కి ప్రాణములమీదికి తెచ్చుకొనువారు పెక్కురగుటచే, తీవ్రమైన యెండను గూర్చి హెచ్చరిక వెలువడిన దినములలో పగటివేళ ఆ బాటలను మూయు నియమమును నగరపాలకులు 2021లో తెచ్చిరి. కావున సొనోరా యెడారిని చూడదలచినవారు నవంబరు మొదలు మార్చి వరకు పోవుట మేలు. వేసవిలోనే పోక తప్పనిచో, తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదురకమునుపే యిల్లు చేరవలెను.

రెండవది జలము. న్యూ మెక్సికో రాష్ట్రమున వైట్ శాండ్స్ అను నొక వింతస్థలము కలదు. అచ్చటి యిసుక మన సముద్రతీరపు టిసుకవంటిది గాదు. జిప్సము అను ఖనిజపు తెల్లనిపొడి. 275 చదరపు మైళ్లు ఉప్పుకుప్పలవలె మెఱయుచుండును. 2019లో అదియును నేషనల్ పార్కు ఆయెను. ఆ దిబ్బలపై పోయిరాను మొత్తము అయిదు మైళ్ల బాట యొకటి యున్నది. అయిదు మైళ్లు మన కేపాటి? అయినను 2015 ఆగస్టులో ఫ్రాన్సుదేశమునుండి వచ్చిన భార్యాభర్తలు తమ తొమ్మిదేండ్ల కుమారునితో ఆ బాట పట్టి, ఎండదెబ్బకు ఇరువురును ప్రాణములు విడిచిరి. వారు కొనిపోయినవి రెండు చిన్న నీటిసీసాలు మాత్రమే. తామొక గ్రుక్క త్రాగినప్పుడు పిల్లవానికి రెండు గ్రుక్కలు పట్టిరని అధికారులు తెలిపిరి. పిల్లవాడు బ్రదికెను. తల్లిదండ్రుల ప్రేమకు సాటి లేదు. కాని బయలుదేరకముందు చేయవలసిన లెక్కకు ప్రేమ బదులు కాలేదు.

కావున బాట చిన్నదియా పెద్దదియా యని కాక, ఎండయెంత, నీడయెంత అని విచారించి నీరు మోసికొనిపోవలెను. సగము నీరు ఖర్చగునప్పటికి గమ్యము చేరకున్నను వెనుకకు తిరుగవలెను. మఱియొక సంగతి. వట్టినీరే మితిమీరి త్రాగుటయు ముప్పే. చెమటతో ఉప్పును పోవును. ఉప్పు చేరని నీరే త్రాగుచుండినచో నెత్తురులో ఉప్పు పలుచనై తలత్రిప్పుట, వాంతి, తుదకు స్పృహ తప్పుటయు కలుగును. ఎండనబడి వచ్చినవానికి మన యిండ్లలో ఉప్పువేసిన మజ్జిగ యిచ్చుటలోని వివేక మిదియే. నీటితోపాటు ఉప్పుగల తినుబండారములు వెంట నుంచుకొనవలెను. రక్తపుపోటునకు మందులు వాడువారు ముందుగా వైద్యుని సలహా గైకొనవలెను.

మూడవది మరలుట. దీనికి గ్రాండ్ క్యాన్యన్ ఉదాహరణము. గండికోటలో ఎఱ్ఱమలలను పెన్న కోసిన లోయను చూచినవారు మనలో నుందురు. కొలరాడో నది యట్లే కోసిన యీ లోయ పొడవు 277 మైళ్లు, లోతు ఇంచుమించు మైలు, మిక్కిలి వెడల్పైనచోట 18 మైళ్లు. 1919లో ఇది నేషనల్ పార్కు ఆయెను. నేను అక్టోబరు మాసాంతమున దాని దక్షిణపు టంచున నిలిచి చూచితిని. ఎఱుపు, పసుపు, ఊదా వన్నెల రాతిపొరలు మెట్లుమెట్లుగా దిగిపోవుచుండగా, అడుగున నది దారపుపోగువలె కనబడెను. పైపొర వయస్సు సుమారు 27 కోట్ల సంవత్సరములు. అడుగున నున్న నల్లని శిలలు సుమారు 170 కోట్ల సంవత్సరములనాటివి. వానికి విష్ణుశిల లని పేరు. 1882లో ఆ లోయనుగూర్చి గ్రంథము వెలువరించిన క్లారెన్స్ డట్టన్ అను భూగర్భశాస్త్రవేత్త అందలి శిఖరములకు విష్ణువు పేరను, శివుని పేరను ఆలయము లని నామకరణము చేసెను. బ్రహ్మ, రామ, కృష్ణ నామములు గల శిఖరములును కలవు. అంతదూరమున ఆ పేర్లు చదువగా నా కెట్లుండెనో మీరే యూహింపుడు.

ఇప్పుడు తిరుమల మెట్లను తలచుకొనుడు. ఒడలిలో సత్తువ యున్నప్పుడు ఎక్కుదుము. అలసిన పిదప దిగుదుము. ఈ లోయలో క్రమము తలక్రిందులు. బలమున్నప్పుడు దిగుడు, బలము తీరిన పిదప, ఎండ ముదిరిన పిదప, ఎక్కుడు. లోయ అంచు సముద్రమట్టమునకు సుమారు 7,000 అడుగుల యెత్తున నుండగా, నదీతీరము 2,500 అడుగులకు లోబడియున్నది. అందుచే దిగినకొలది వేడి పెరుగును. పైన చల్లగాలిలో దేవదారుజాతి చెట్లక్రింద నడక మొదలిడినవాడు, అడుగున నడివేసవి నిప్పులకొలిమిలో నుండును. దిగుటకు పట్టిన కాలమునకు రెండింతలు ఎక్కుటకు పట్టునని లెక్కించుకొనవలెనని రేంజర్లు చెప్పుదురు. ఒక్కదినమున నదివరకు దిగి మరల నెక్కుట కూడదనియు, వేసవిలో ఉదయము పదిగంటలు మొదలు సాయంకాలము నాలుగుగంటలవరకు లోయలో నడువరాదనియు వారి హెచ్చరిక. బ్రైట్ ఏంజెల్ అను దిగుబాటలో ఒకటిన్నర మైలునొద్ద ఒక విశ్రాంతిగృహమున్నది. అచ్చటి కొళాయి అన్ని ఋతువులందును పనిచేయదు. గొట్టము పగిలినప్పుడు ఏ ఋతువునందును రాదు. నా మనుమడు "తాతయ్యా, నదివరకు పోదము" అని బ్రతిమాలెను. "నాయనా, నది మనకొఱకు పరుగెత్తిపోదు, పై కెక్కవలసిన మోకాళ్లు నావి" అని చెప్పి, ముందనుకొన్నట్లు ఆ విశ్రాంతిగృహమునొద్దనే మరలితిమి. ఆ ఒకటిన్నర మైలులోనే వేయి అడుగులకు పైగా దిగుడున్నది. దిగుటకు గంటయు, ఎక్కుటకు రెండుగంటలకు పైగాను పట్టినది. దారిలో కంచరగాడిదలు బరువులతో, మనుష్యులతో వచ్చుచుండును. అప్పుడు లోయవైపు గాక కొండవైపు ఒదిగి, సద్దుచేయక నిలువవలెను. ఈ మహాలోయ కొమ్మలోయలలో నొకదాని యడుగున హవసూపాయ్ జాతివారి పల్లె యొకటి కలదు. దానికి మోటారుబాట లేదు. నేటికిని ఉత్తరములు కంచరగాడిదలపైననే చేరుచున్నవి.

దిగలేనివారు విచారపడనక్కఱ లేదు. దక్షిణపు టంచు పొడవునను చదునైన బాట యున్నది. అందు ఒకభాగము కాలమార్గ మని 2010లో ఏర్పడినది. ఒక్కొక్క మీటరునకు పదిలక్షల సంవత్సరములు వంతున గుర్తులుంచి, ఆయా కాలములనాటి రాళ్లను లోయనుండి తెచ్చి ప్రక్కన నిలిపినారు. వాని నొక్కొక్కటిగా చేతితో నిమిరి చూచుచు ముందుకు పోవచ్చును. నాకు లోపలి దిగుబాటకన్న ఈ నడకయే యెక్కువ నేర్పినది.

ఇక వరదమాట. మన వాగులలో పైని వాన పడి, క్రింద ఎండకాయుచుండగనే నీరు వచ్చిపడుట మీరెఱుగుదురు. అచ్చటి సన్నని రాతిసందులలో ఆ యపాయము పదింతలు. పేజ్ అను పట్టణమునొద్ద, నవహో జాతివారి భూమిలో, ఆంటిలోప్ క్యాన్యన్ అను నొక రాతిసందు కలదు. దాని గోడలు పట్టుబట్ట ముడుతలవలె నుండును. 1997 ఆగస్టు 12వ తేదీన కొన్ని మైళ్ల యెగువను కురిసిన గాలివాన వరదయై వచ్చి అందలి 11 మంది యాత్రికులను పొట్టబెట్టుకొన్నది. ఇప్పుడు నవహోల యనుమతి పొందిన మార్గదర్శి వెంట లేనిదే యందు ప్రవేశము లేదు. మాన్సూను నెలలలో ఎగువ నెక్కడ ఉఱిమినను ఇట్టి సందులలో అడుగిడరాదు.

బాట విడువరాదను నియమమునకును కారణమున్నది. యూటా రాష్ట్రపు ఎడారులలో నేలపై నల్లని పొక్కువంటి పెచ్చు కనబడును. అది వట్టిమన్ను గాదు. కంటి కానని జీవులు, నాచులు కలసి అల్లుకొనిన ప్రాణముగల పొర. మట్టిని గాలికి పోనీయక, వాననీటిని పట్టియుంచి, నేలకు సారమిచ్చును. ఒక్క యడుగు దానిని చిదిపినచో మరల కోలుకొనుటకు అనేక దశాబ్దములు పట్టును. మొలకెత్తిన మడిలో నడచువానిని మనమేమందుమో, బాట విడిచినవానిని అచ్చటివా రదియే యందురు. బాట విడిచినవానికే పాములయు ముండ్లయు బాధ యెక్కువ. చోయా అను జెముడు ముండ్లగుత్తి తగిలినంతనే ఒడలి కంటుకొనును. దానిని చేతితో తీయబోక, దువ్వెనతో ఎగజిమ్మవలెను. జేబులో నొక దువ్వెన యుండుట మేలు.

తుదకు ఒక్కమాట. అక్కడి కొండలలో పెక్కుచోట్ల సెల్‌ఫోను పలుకదు. ఏ బాటకు పోవుచున్నారో, ఎన్నిగంటలకు తిరిగి వత్తురో ఇంటిలో చెప్పి బయలుదేరుడు. బిడ్డలు ప్రయాణపు టిక్కెట్లు కొనకమునుపే ఋతువును గూర్చి వారితో మాటాడుడు. పెద్దలు వెనుకకు తిరుగుదమన్నచో పిల్లలు విందురు. పెద్దలే పంతమునకు పోయినచో ఎవరు చెప్పగలరు? కాలము నెఱిగి, నీరు మోసికొని, తిరుగుబాటకు సత్తువ మిగుల్చుకొని నడచినవారికి ఆ మరుభూమి కన్నులపండువే యగును.