సాసేజ్ తొడుగులో నిసిన్: మాంస భద్రతకు ఒక సహజ మార్గం

ఉడికించిన మాంసం సురక్షితమన్న నమ్మకాన్ని లిస్టీరియా మోనోసైటోజెనిస్ వమ్ము చేస్తుంది. ఉడికేటప్పుడు ఈ బ్యాక్టీరియా నశిస్తుంది. కానీ సాసేజ్‌పై ఉన్న సెల్యులోజ్ తొడుగును ఒలిచి, ప్యాకింగ్ చేసే మధ్యకాలంలో యంత్రాల నుండి మళ్ళీ ఉపరితలానికి చేరగలదు. రిఫ్రిజిరేటర్ చల్లదనంలోనూ పెరుగుతుంది. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే సాసేజ్ ద్వారా వ్యాపించిన లిస్టీరియోసిస్ 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. మృతులలో నవజాత శిశువులు అనేకులు.

ప్రమాదం ఉపరితలంపైనే కనుక రక్షణ కూడా అక్కడే ఉండాలి. తొడుగు లోపలివైపు నిసిన్ పూయడంలోని తర్కం ఇదే. అది మాంసం పైపొరకు బదిలీ అయి, తొడుగు ఒలిచిన తరువాత కూడా నిలుస్తుంది. లాక్టోకాకస్ లాక్టిస్‌లోని కొన్ని రకాలు తయారుచేసే పెప్టైడ్ ఇది (మన పెరుగు తోడులో ఉండేదీ ఈ జాతి బ్యాక్టీరియానే). లిస్టీరియా కణత్వచానికి ఇది రంధ్రాలు చేస్తుంది. మాంసంలోనే కలిపితే కొవ్వుకు అంటుకొని శక్తిని కోల్పోతుంది. తొడుగులో ఆ నష్టం తక్కువ.

'సహజం' అన్న మాటను సర్వరక్షణకు పర్యాయపదంగా వాడటం మాత్రం సమంజసం కాదు. సాల్మొనెల్లా, ఈ.కోలై వంటి గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా వెలుపలి పొరను నిసిన్ ఒంటరిగా ఛేదించలేదు. దానికి ఈడీటీఏ వంటి సహాయక పదార్థం తోడు కావాలి.