‘సొంతం’ అనే మాటకు మూడు పునాదులు: నంద్యాల–ఆళ్లగడ్డ శివారు ప్రాంతాల్లో ఇంటి యాజమాన్యం, పత్రభాష

వ్యాససంగ్రహం:
ఇల్లు, ఇంటిస్థలం విషయంలో ‘సొంతం’ అనే మాటను మనం ఒకే అర్థంలో వాడుతున్నామని అనుకొంటాం. నిజానికి అందులో అనుభవం, పత్రం, నమోదు అనే మూడు వేర్వేరు అంశాలు ఇమిడి ఉన్నాయి. ఈ మూడూ ఒకచోట కలవనప్పుడు ఆ ఆస్తికి విపణిలో విలువ తగ్గుతుంది. వివాదానికి అవకాశం పెరుగుతుంది. నంద్యాల–ఆళ్లగడ్డ మార్గంలో విస్తరిస్తున్న శివారు ప్రాంతాలను నేపథ్యంగా తీసుకొని గ్రామకంఠం ఇల్లు, ప్రభుత్వ పట్టాస్థలం, లేఅవుటు ప్లాటు అనే మూడు రకాల యాజమాన్యాలను, వాటిని నిర్వచించే పదజాలాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రామకంఠం, పట్టా, పోరంబోకు, దస్తావేజు, లేఅవుటు, యాజమాన్యం, పత్రభాష.

1. ఉపోద్ఘాతం:
తెలుగునాట తరచుగా కనిపించే గ్రామనామాల్లో ‘కొత్తపల్లె’ ఒకటి. నంద్యాల జిల్లాలో ఒక మండలానికే ఆ పేరు ఉంది. పాత ఊరి నుండి కొన్ని కుటుంబాలు వేరుపడి మరొకచోట స్థిరపడినప్పుడు ఆ నివాసాన్ని కొత్తపల్లె అని పిలవడం సహజం. తరాలు గడిచి ఊరు పాతబడినా పేరులోని ‘కొత్త’ మాత్రం మిగిలిపోతుంది. నేడు పట్టణాల అంచుల్లో ఏర్పడుతున్న కొత్త నివాసాలకు పల్లె అన్న పేరు రావడం లేదు. నగర్, కాలనీ, ఎన్‌క్లేవ్, వెంచర్ అనేవి ఇప్పటి ఉత్తరపదాలు.

ఇది పేర్ల మార్పు మాత్రమే కాదు. పల్లెలో మనుషులు ముందు, కాగితం తరువాత. జనం ఇళ్లు కట్టుకొని జీవించిన చాలాకాలానికి ఆ ఊరు సర్వే రికార్డులోకి ఎక్కింది. వెంచర్‌లో కాగితం ముందు, మనుషులు తరువాత. పొలంలో రాళ్లు పాతి, పటం గీసి, ప్లాట్లకు అంకెలు వేసి అమ్మిన తరువాత ఎన్నో ఏళ్లకు గాని అక్కడ పొయ్యి వెలగదు. ‘సొంత ఇల్లు’ అన్న ఒకే మాట ఈ రెండు స్థితులకూ వర్తిస్తున్నది. సమస్య ఇక్కడే మొదలవుతుంది.

2. ప్రాంతీయ నేపథ్యం:
నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల దూరం. కర్నూలు నుండి నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు పట్టణాలను కలుపుతున్నది. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం పూర్తయింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాకేంద్రమైంది. జిల్లా కార్యాలయాలు, ఉద్యోగుల రాక, పిల్లల చదువులకోసం పల్లెల నుండి పట్టణానికి మారే రైతు కుటుంబాలు, ఇవన్నీ కలిసి శివారు భూమికి గిరాకీ కల్పించాయి. కె.సి. కాలువ కింద వరి పండిన పొలాలు సైతం ప్లాట్లుగా మారుతున్నాయి.

ఈ మార్పులో భూమిని కొలిచే మాట కూడా మారుతుంది. ఎకరాల్లో కొన్న భూమి సెంట్లలో అమ్ముడవుతుంది. ఎకరం అంటే 100 సెంట్లు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఒక ఎకరంలో దారులకు, ఉమ్మడి ఖాళీస్థలానికి 40 సెంట్లు పోయిందనుకొంటే అమ్మకానికి మిగిలేది 60 సెంట్లే. ఆ 40 సెంట్లను ఎంత తగ్గిస్తే అమ్మకందారుకు అంత లాభం. అనుమతిలేని లేఅవుట్లు పుట్టడానికి గల ప్రధాన కారణం ఈ చిన్న లెక్కలోనే ఉంది.

3. అనుభవం – పత్రం – నమోదు:
యాజమాన్యానికి సంబంధించిన మూడు అంశాలను వేరుచేసి చూడాలి. అనుభవం అంటే ఆ స్థలంలో వాస్తవంగా ఉండటం. పత్రం అంటే హక్కు ఎవరి నుండి ఎవరికి వచ్చిందో చెప్పే దస్తావేజు. నమోదు అంటే ప్రభుత్వ రికార్డులో పేరు ఎక్కడం.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 54వ సెక్షను, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షను ప్రకారం వంద రూపాయలు, అంతకుమించిన విలువగల స్థిరాస్తి విక్రయానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. అయితే మన దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజు మాత్రమే, హక్కు కాదు. ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి రాసి ఇచ్చాడన్న విషయాన్ని సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నమోదు చేస్తుంది. రాసి ఇచ్చిన వ్యక్తికి ఆ హక్కు నిజంగా ఉందని అది హామీ ఇవ్వదు. ఇ.సి. అని వ్యవహరించే ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు రిజిస్టరైన లావాదేవీలను చూపుతుంది గాని, రిజిస్టరు కాని ఒప్పందాలను, కుటుంబ తగాదాలను చూపదు. ఇంటి పన్ను రసీదు పన్ను కట్టినట్లు చెబుతుంది. యజమాని అని చెప్పదు.

హక్కుకే ప్రభుత్వ హామీ ఇవ్వాలన్న ఉద్దేశంతో రూపొందిన ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చి, తీవ్రమైన వాదోపవాదాల నడుమ 2024లో రద్దయింది. కనుక తన హక్కును తానే నిరూపించుకోవలసిన బాధ్యత నేటికీ కొనుగోలుదారు మీదనే ఉంది. ఆ నిరూపణకు ఉన్న సాధనం పత్రం. పత్రానికి ఉన్న సాధనం భాష.

4. గ్రామకంఠం – అనుభవం ఉంది, పత్రం లేదు:
ఊరిలో ప్రజలు నివసించే భాగం గ్రామకంఠం. తెలంగాణలో ఆబాది అని, తమిళంలో నత్తం అని అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన రైత్వారీ సర్వే లక్ష్యం శిస్తు. శిస్తు వచ్చేది సాగుభూమి నుండి కాబట్టి పొలాన్ని గట్లు గట్లుగా కొలిచారు. నివాసస్థలాన్ని మాత్రం సాధారణంగా ఒకే సర్వే నంబరు కింద చూపి వదిలివేశారు. దాని ఫలితంగా, నాలుగు తరాలుగా ఒకే ఇంట్లో ఉన్న కుటుంబానికి పొలం కాగితం ఉంటుంది గాని ఇంటి కాగితం ఉండదు.

ఊరు ఊరుగా ఉన్నంతకాలం ఈ లోటు బాధించలేదు. ఇరుగుపొరుగు సాక్ష్యమే పత్రంగా చెల్లింది. పట్టణం దగ్గరకు వచ్చి, ఇల్లు అమ్మకానికో బ్యాంకు రుణానికో వచ్చినప్పుడు ఆ సాక్ష్యం చాలదు. బ్యాంకు లింకు డాక్యుమెంట్లు అడుగుతుంది. అవి లేని ఇంటిని రొక్కం ఇవ్వగలవారు మాత్రమే కొనగలరు. కొనేవారు తగ్గితే ధర తగ్గుతుంది. 2020 ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం, అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రం చేపట్టిన సమగ్ర భూసర్వే డ్రోన్ల సాయంతో గ్రామ నివాసాలను కొలవడానికి పూనుకొన్నవి. రైత్వారీ సర్వే వదిలివేసిన పనిని ఇవి ఇప్పుడు చేస్తున్నాయి. అన్నదమ్ముల మధ్య నోటిమాటగా సాగిన పంపకాలు, మేనత్తల వాటాలు ఇప్పుడు ఒక గీతగా, ఒక పేరుగా స్థిరపడతాయి. ఆ గీత తప్పితే సరిదిద్దుకోవడం కష్టం.

5. పట్టాస్థలం – పత్రం ఉంది, స్వేచ్ఛ లేదు:
వ్యవహారంలో ‘పట్టా’ అనే ఒకే మాటకు రెండు అర్థాలున్నాయి. ‘పట్టా భూమి’ అంటే శిస్తు కట్టే రైతు పూర్తి హక్కుతో అనుభవించే భూమి. ‘డి.కె.టి. పట్టా’, ‘ఇంటిపట్టా’ అన్నప్పుడు ప్రభుత్వం షరతులతో ఇచ్చినది. మొదటిది అమ్ముకోవచ్చు. రెండవదాన్ని 1977 నాటి అసైన్డ్ భూముల (బదిలీల నిషేధ) చట్టం నియంత్రిస్తుంది. తరువాతి సవరణలు ఇంటిస్థలాలకు కాలపరిమితితో కూడిన బదిలీ హక్కును, 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ సాగుభూముల విషయంలో అసలు లబ్ధిదారులకు హక్కును కల్పించాయి. గడువు చూడకుండా ‘పట్టా ఉంది’ అన్న మాట విని కొన్నవారికి దక్కేది నోటరీ చేసిన ఒప్పందపత్రమే. అమ్మకపు ఒప్పందం దానంతట అది ఆస్తిలో హక్కు కల్పించదని ఆస్తి బదిలీ చట్టం స్పష్టంగా చెబుతున్నది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిపే అమ్మకాలు యాజమాన్యాన్ని బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది.

2020 డిసెంబరు 25న ప్రారంభమైన ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు’ పథకం కింద పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున మహిళల పేరిట పట్టాలిచ్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం ఈ పరిమాణాన్ని పల్లెల్లో 3 సెంట్లుగా, పట్టణాల్లో 2 సెంట్లుగా ప్రకటించింది. సెంటుకు, రెండు సెంట్లకు గల తేడా సంఖ్యలో చిన్నది; పెరడు, పశువు, పెళ్లీడు కొడుకు ఉన్న ఇంట్లో పెద్దది.

రికార్డు భాషలో అక్షరమే కాదు, చుక్క కూడా భాగ్యాన్ని నిర్ణయిస్తుంది. రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో చుక్కలు పెట్టి వదిలిన భూములను ‘చుక్కల భూములు’ అన్నారు. అవి ప్రభుత్వానివా, రైతువా అన్న సందేహాన్ని తీర్చడానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

6. ప్లాటు – దస్తావేజు ఉంది, ఊరు లేదు:
ప్రైవేటు ప్లాట్ల ప్రకటనల్లో ‘క్లియర్ టైటిల్’, ‘స్పాట్ రిజిస్ట్రేషన్’ అనే మాటలు ప్రధానంగా కనిపిస్తాయి. ఇవి దస్తావేజును గురించినవి. లేఅవుటుకు అనుమతి ఉందా, సాగుభూమిని చట్టప్రకారం మార్చారా, దారులు స్థానిక సంస్థకు అప్పగించారా అన్న ప్రశ్నలకు అవి సమాధానం కావు. రిజిస్ట్రేషన్ జరిగింది కాబట్టి అనుమతి ఉన్నట్లే అని భావించడం కొనుగోలుదారుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు. అనుమతిలేని ప్లాటులో ఇల్లు కట్టాలంటే ప్లాను మంజూరు కాదు. క్రమబద్ధీకరణ పథకం వచ్చేవరకు ఆగి, అపరాధ రుసుము కట్టాలి. అమ్మకందారు మిగుల్చుకొన్న ఖర్చును ఈ విధంగా కొనుగోలుదారు భరిస్తున్నాడు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు మించిన ప్రాజెక్టులకు నమోదును తప్పనిసరి చేసింది. కనుక ప్రకటనలో ‘రెరా’ సంఖ్య ఉందా అని చూడటం కొనేవారు చేయవలసిన మొదటి పని.

‘పోరంబోకు’ అనే మాటను ఇక్కడ ప్రస్తావించాలి. తమిళ ‘పుఱంపోక్కు’ నుండి వచ్చిన ఈ పదానికి శిస్తు లెక్కకు వెలుపలి భూమి అని అర్థం. వాగు, చెరువు, దారి, శ్మశానం ఇందులోకి వస్తాయి. అంటే ఊరందరికీ చెందినవి. క్రమంగా ఈ మాటకు వాడుకలో పనికిమాలినవాడు అనే నిందార్థం ఏర్పడింది. శిస్తు రానిది విలువలేనిది అన్న దృష్టి మాటలోకి కూడా ప్రవేశించిందనడానికి ఇది నిదర్శనం. వాగు పోరంబోకును కలుపుకొని ప్లాట్లు వేసినప్పుడు నీటికి దారి ఉండదు. 2019 సెప్టెంబరులో కుందూ పొంగి నంద్యాల ప్రాంతాన్ని ముంచెత్తిన తీరు, నీరు రికార్డులోని గీతలను పాటించదని చూపింది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు పగుళ్లువారుతుంది. పునాది ఖర్చు పెరుగుతుంది. దస్తావేజులో నాలుగు హద్దులుంటాయి గాని నేల స్వభావం ఉండదు.

7. దస్తావేజు భాష:
మన క్రయ దస్తావేజుల భాషలో అనేక చారిత్రక పొరలున్నాయి. దస్తావేజు, చెక్కుబందీ పారసీకం నుండి, హక్కు అరబ్బీ నుండి వచ్చాయి. క్రయధనం, స్వార్జితం, పిత్రార్జితం సంస్కృత పదాలు. అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ ఆంగ్లం. ‘ముట్టినది’, ‘రాయించి ఇచ్చిన’ అనేవి అచ్చతెలుగు. నవాబుల కాలం నుండి నేటి వరకు సాగిన పాలనల చరిత్ర ఒకే వాక్యంలో కనిపిస్తుంది.

ఈ పదాల మీద ఆధారపడి ఆస్తి నిలుస్తుంది. ‘స్వార్జితం’ అని రాస్తే అమ్మకందారు ఒక్కరి సంతకం చాలుతుంది. ‘పిత్రార్జితం’ అయితే మిగిలిన వాటాదారుల సమ్మతిని చూడాలి. హద్దులు ‘తూర్పు: ఫలానావారి ఇల్లు’ అని ఉన్నప్పుడు ఆ ఫలానావారు ఇల్లు అమ్ముకొని పోతే హద్దు ఆచూకీ పోతుంది. విస్తీర్ణానికి, హద్దులకు పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యమిస్తాయి. కాబట్టి సెంట్ల సంఖ్యను మాత్రమే చూసి సంతకం చేయడం ప్రమాదకరం.

‘పుత్ర పౌత్ర పారంపర్యంగా దాన వినిమయ విక్రయాది సర్వాధికారాలతో’ అనే నుడికారం నేటికీ దస్తావేజుల్లో నిలిచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహిత కుమార్తెలకు, 2005 కేంద్ర సవరణతో కుమార్తెలందరికీ ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు లభించింది. ప్రభుత్వం ఇచ్చే ఇంటిపట్టా స్త్రీ పేరిట ఉంటుంది. అయినా ప్రైవేటు దస్తావేజు వాక్యంలో కుమార్తె ఇంకా చేరలేదు. ఈ నుడికారం కుమార్తె హక్కును చట్టపరంగా తీసివేయలేదు గాని, ఇంటి వారసత్వం కొడుకుదేనన్న భావాన్ని ప్రతి రిజిస్ట్రేషన్‌లోనూ పునరుద్ఘాటిస్తున్నది. చట్టం మారినంత వేగంగా పత్రభాష మారదనడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అరుదు.

8. ముగింపు:
గ్రామకంఠం ఇంటికి అనుభవం ఉంది, పత్రం లేదు. పట్టాస్థలానికి పత్రం ఉంది, పూర్తి స్వేచ్ఛ లేదు. అనుమతిలేని ప్లాటుకు దస్తావేజు ఉంది, ఊరిగా గుర్తింపు లేదు. ముగ్గురు యజమానులూ ‘మాకు సొంత ఇల్లుంది’ అనే అంటారు. ముగ్గురి సొంతాలూ ఒకటి కావు. విపణి వాటికి కట్టే ధరలూ ఒకటి కావు.

దస్తావేజు చివర ‘చదివి వినిపించగా విని, సమ్మతించి’ అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. కుటుంబం జీవితకాలపు పొదుపును పెట్టుబడిగా పెట్టే ఆ కాగితాన్ని నిజంగా చదివేవారు, విని అర్థం చేసుకొనేవారు తక్కువ. శాసన భాషను, కైఫీయతుల భాషను పాఠ్యాంశాలుగా బోధిస్తున్న తెలుగు శాఖలు నడుస్తున్న కాలపు దస్తావేజు భాషను కూడా అధ్యయన పరిధిలోకి తీసుకోవలసి ఉంది. డిగ్రీ స్థాయిలో ఒక క్రయ దస్తావేజును, ఒక ఇంటిపట్టాను, ఒక ఇ.సి.ని పక్కపక్కన పెట్టి చదివించడానికి రెండు తరగతులు చాలు. కొత్తపల్లెల నుండి వచ్చి మన ఎదుట కూర్చొనే విద్యార్థుల్లో చాలామందికి తమ ఇంటి కాగితాన్ని తామే చదువుకోవలసిన అవసరం ఉంది.